స్క్రూలు లేని కుర్చీ

ఎవరింటికి వెళ్ళినా, కూర్చోమనగానే కూర్చునే రకం కాదు ఆమె. ముందు కుర్చీని తిరగేస్తుంది. కాళ్ళు పైకి లేపి, అడుగున ఎన్ని స్క్రూలున్నాయో, అతుకు ఎక్కడ పడిందో, ఏ మూల ప్లాస్టిక్ అక్కర్లేకుండా మందంగా పోశారో చూసి, మళ్ళీ నిలబెట్టి, అప్పుడు కూర్చుంటుంది. ఇంటివాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. పక్కనున్న వదిన మాత్రం, "మీరేం అనుకోకండి, మా ఆడపడుచుకి కుర్చీ కనిపిస్తే నాడి చూడందే తోచదు" అని నవ్వేస్తుంది. మనిషి కళ్ళలోకి చూసి నాలుగు మాటలు మాట్లాడాలంటే నలభై గుటకలు మింగే ఈవిడ, కుర్చీలతో అంత చనువుగా ఉండటం చూస్తే ఎవరికైనా నవ్వు రాకేం చేస్తుంది!

ఆమె ఉద్యోగం కుర్చీలు గీయడం. గీయడం అన్నది మర్యాదకి అనే మాట, అసలు పని తగ్గించడం. పిల్లలు కూర్చుని చదువుకునే కుర్చీ ఒకటి వాళ్ళ కంపెనీకి అన్నం పెడుతోంది. దాని కాళ్ళకి కావలసిన ఇనప గొట్టాలు ఒక దేశంలో వంచుతారు. ప్లాస్టిక్ పలకలు ఇంకో దేశంలో పోస్తారు. స్క్రూలు మరో దేశం నుంచి వస్తాయి. అన్నీ ఓడలెక్కి వచ్చి, ఈ ఊరి చివర కంపెనీవాళ్ళ పెద్ద షెడ్డులో కలుసుకుంటాయి. అక్కడ ఆడవాళ్ళు గాలితో తిరిగే స్క్రూడ్రైవర్లు పట్టుకుని వాటిని బిగించి, అట్టపెట్టెల్లో పెడితే, మళ్ళీ ఓడలెక్కి ఎక్కడెక్కడి దుకాణాలకో పోతాయి. ఇంత ప్రయాణంలో ఏది కాస్త బరువు తగ్గినా, ఏ పెట్టె కాస్త పొట్టిదైనా కంపెనీకి కలిసొస్తుంది. ఆ కాస్తలన్నీ వెతికి పట్టుకునేది ఈమే. అందుకే ఆఫీసులో ఆమెకి తగ్గింపు మేడం అని పేరు. మనమూ మేడం అనే పిలుద్దాం.

మేడం గొప్పతనం ఎంతో, లోపమూ అంతే. రెండూ ఒకే చోట ఉన్నాయి. ఏ పని చేసినా చెప్పకుండా చేసేస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కుర్చీ అడుగున రెండు స్క్రూలు దేన్నీ పట్టుకోకుండా ఊరికే ఉన్నాయని చూసింది. ఇంకొకరైతే మీటింగులో లేచి చెప్పి శభాష్ అనిపించుకునేవాళ్ళు. ఈమె చెబితే కాదంటారేమోనని భయపడి, కొత్త డ్రాయింగులో నోరు మెదపకుండా ఆ రెండింటినీ తీసేసింది. తర్వాత ఎవరైనా చూసి కేకలేస్తారేమోనని ఏడాది పాటు భయపడింది. ఎవరూ చూడలేదు. చూడకపోవడంతో ఆమెకి అదే అలవాటైపోయింది. మంచి పని చేసి కూడా తేలు కుట్టిన దొంగలా తిరిగేవాళ్ళు లోకంలో ఎంతమంది ఉంటారో తెలియదు గానీ, ఒకరు మాత్రం ఆ ఆఫీసులో కిటికీ పక్క బల్ల దగ్గర ఉండేవారు.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్య, వదినలతోనే ఉంటుంది. అన్నయ్య బస్సు నడిపి నడిపి నడుం పోగొట్టుకుని, ఇప్పుడు ఇంట్లో కూర్చుని దారినపోయే బస్సుల డ్రైవర్లని తిడుతుంటాడు. ఇక వదిన. వదిన పనిచేసేది ఆ షెడ్డులోనే. ఆమె మొదట అక్కడ అట్టపెట్టెలకి టేపు అంటించేది. తర్వాత స్క్రూడ్రైవరు పట్టింది. ఇప్పుడు ఒక వరుసకంతా పెద్ద. వాళ్ళ వీధిలో సగం మంది ఆడవాళ్ళని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పనిలో పెట్టించింది ఆమే. "మా ఆడపడుచు గీస్తుంది, మేం బిగిస్తాం" అని ఎక్కడికెళ్ళినా చెప్పుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా మేడంకి సిగ్గుగానూ ఉండేది, సంతోషంగానూ ఉండేది.

అలా ఉండగా ఒకనాడు ధరల సారు మీటింగు పెట్టాడు. ఆయనకి వేరే ఏదో పెద్ద హోదా ఉంది గానీ, ధర తప్ప ఇంకో మాట ఆయన నోట ఎవరూ వినలేదు కాబట్టి అందరూ ధరల సారనే అంటారు. చెడ్డవాడేం కాదు. పుట్టినరోజులు గుర్తుపెట్టుకుని పలకరిస్తాడు కూడా. ఆ రోజు మాత్రం తెర మీద ఒక బొమ్మ వేశాడు. గొట్టాలకో గడి, పలకలకో గడి, స్క్రూలకో గడి. వాటి నుంచి బాణాలు వచ్చి షెడ్డు అన్న గడిలో కలుస్తాయి. అక్కడి నుంచి ఓడ, దుకాణం, చివరికి ఇల్లు.

"మనం కుర్చీలు అమ్ముతున్నాం అనుకుంటున్నారు కదా," అన్నాడు ఆయన. "కాదు. బిగించిన కుర్చీని పెట్టెలో పెడితే ఆ పెట్టె నిండా ఉండేది గాలే. మనం గాలికి ఓడ కిరాయి కడుతున్నాం."

అందరూ తలలూపారు. ఆయన అన్నది నిజమే. ఆ సంగతి మేడంకి ఆయన కంటే ముందే తెలుసు.

"కుర్చీ విడి ముక్కలుగా, పల్చటి పెట్టెలో పోవాలి. కొన్నవాళ్ళు ఇంట్లో వాళ్ళ చేత్తో బిగించుకోవాలి. స్క్రూ ఉండకూడదు, పనిముట్టు ఉండకూడదు. అది గనక కుదిరితే, ముక్కలు తయారైనచోటి నుంచే నేరుగా దుకాణానికి పోతాయి." ఆయన ఎర్ర పెన్ను తీసి షెడ్డు అన్న గడి మీద అడ్డంగా ఒక గీత గీశాడు. "ఈ గడితో మనకి పనుండదు."

మళ్ళీ అందరూ తలలూపారు. పాపం వాళ్ళకి అది గడే. మేడంకి మాత్రం ఆ గడిలో వదిన కనిపించింది, వదిన పక్కన వాళ్ళ వీధి వీధంతా కనిపించింది. ఏదో అందామని చెయ్యెత్తింది. ధరల సారు "చెప్పండి మేడం" అనేసరికి, ఎత్తిన చేత్తో జుట్టు సవరించుకుని, "ఏం లేదు సార్" అంది.

"నెలాఖరులోగా తేల్చండి," అన్నాడాయన. "మీ వల్ల కాకపోతే బయటి కంపెనీకి ఇచ్చేద్దాం. అప్పుడిక మన డిజైను సెక్షను ఎందుకున్నట్టో కూడా ఆలోచించాలి."

చూశారా, కత్తికి రెండువైపులా పదునే. కుర్చీ కుదిరితే వదిన ఇంటికి, కుదరకపోతే తను ఇంటికి.

మొదట్లో ఆమెకొక ధైర్యం ఉండేది. స్క్రూ లేకుండా కాళ్ళు నిలబెట్టడం అంత తేలిక కాదు. అంతకుముందు ఎందరో ప్రయత్నించారు. నొక్కితే పట్టుకునే కొక్కేలు పెట్టారు, అవి వారం తిరక్కుండా వదులయ్యాయి. తిప్పితే బిగిసే కాళ్ళు పెట్టారు, అవి కూర్చున్నప్పుడల్లా కీచుమన్నాయి. ఇదీ అలాగే పోతుందిలే, బయటి కంపెనీవాళ్ళూ చేతులెత్తేస్తారు, ఎప్పటిలా స్క్రూలతోనే బతికేద్దాం అనుకుంది. బల్ల ముందు కూర్చుని రోజూ ఏవేవో గీస్తూ, ఏదీ కుదరకపోతే లోలోపల ఊపిరి పీల్చుకునేది. తన పని తనకి రాకూడదని కోరుకోవడం ఆమె జీవితంలో అదే మొదలు.

వద్దనుకున్నదే వెతుక్కుంటూ వచ్చింది. ఒక సెలవురోజు పొద్దున అన్నయ్య వెనక వరండాలో బస్సులని తిడుతూ నిలబడి ఉంటే, వదిన చూసుకోకుండా తలుపుకి ఇటువైపు నుంచి గడియ పెట్టేసింది. ఆయన అటు నుంచి తలుపు బాదడం మొదలుపెట్టాడు. వదిన పరుగెత్తి గడియ లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. ఊహూఁ.

"తియ్యవేం! నన్నిక్కడే ఉంచేస్తారా ఏంటి!" అని అన్నయ్య తన బరువంతా వేసి తలుపుని తోస్తున్నాడు.

"అమ్మాయ్, ఇలా రా! ఇది బిగుసుకుపోయింది!" అని వదిన కేకేసింది.

మేడం వచ్చింది. గడియ పట్టుకుంది. పట్టుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా, "అన్నయ్యా, ఇంకొంచెం గట్టిగా తొయ్యి" అంది.

ఆయన తోశాడు. గడియ ఇంకా బిగిసింది.

"ఇప్పుడు తొయ్యడం ఆపు." ఆయన ఆపాడు. గడియ వేలితో తాకితే జారి వచ్చేసింది. "మళ్ళీ తొయ్యి అన్నయ్యా," అని ఆమె గడియ మళ్ళీ పెట్టేసింది.

"నీకేమైనా మతి పోయిందా!" వదిన ఒంటికాలి మీద లేచింది. "మనిషిని లోపలికి రానియ్యమంటే మళ్ళీ పెడతావేంటే!"

అటు నుంచి అన్నయ్య, "అది నా చెల్లెలేనా, లేక నామీద పగబట్టిన వాళ్ళెవరైనానా?" అని అరుస్తున్నాడు. వదినకి కోపంలోనూ నవ్వాగలేదు. మేడం మాత్రం నవ్వలేదు. ఆమె మొహం పాలిపోయింది. తోసేకొద్దీ బిగిసే గడియ! కుర్చీలో వెనక్కి ఆనుకునే మనిషి కూడా తోసేవాడే కదా. అంటే వీపు పలకే గడియ అయితే చాలు. రెండు వంచిన గొట్టాలని పలక అడుగున గాడిలో కూర్చోబెట్టి, వీపు పలకకి కింద ఉన్న నాలుకలాంటి ముక్కని వాటి మీదుగా తోస్తే, మనిషి ఆనుకున్నకొద్దీ అదే బిగుసుకుంటుంది. స్క్రూ అక్కర్లేదు. షెడ్డూ అక్కర్లేదు.

ఇంతటితో మరిచిపోయి ఉంటే బాగుండేది. కానీ బుర్రలో దూరింది ఊరుకుంటుందా! సరిగ్గా నిలుస్తుందో లేదో ఒక్కసారి చూసి పారేద్దాం అనుకుంది. ఆఫీసు వర్క్‌షాపులో గొట్టాలు వంచే మేస్త్రీ దగ్గరకెళ్ళి, ఆయన అడక్కుండానే "ఇది స్టూలుకి" అంది. కాసేపాగి, "స్టూలుకే" అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "చిన్న స్టూలు" అంది. మేస్త్రీకి తన పని తను చేసుకోవడం తప్ప వేరే ధ్యాస లేదు కాబట్టి సరిపోయింది. పలకలు నమూనాలు పోసే మిషను మీద తనే పోసుకుంది. ముక్కల్ని దుప్పట్లో చుట్టి ఇంటికి తెచ్చి, అన్నయ్య నడుం చూపించుకోవడానికి వదినని తోడు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళిన పూట, తన గదిలో బిగించింది.

గొట్టం, గొట్టం, పలక, చివరగా వీపు. టక్ మంది. టీ కలిపేంత సేపు కూడా పట్టలేదు. మేడం కూర్చుంది. ఊగింది. వెనక్కి ఒరిగింది. లేచి నిలబడి, మంచం మీద నుంచి దబ్బున దానిమీద పడింది. కుర్చీ కిమ్మనలేదు. అప్పుడు ఆమెకి కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఇన్నేళ్ళుగా ఒక్కో స్క్రూ, ఒక్కో రేకు తగ్గిస్తూ వచ్చింది ఈ ఒక్క కుర్చీ కోసమే అనిపించింది. తనలో తనే గట్టిగా నవ్వుకుంది. వదిన రాగానే చూపించాలని గుమ్మం దాకా వెళ్ళింది కూడా.

గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఎవరికి చూపించబోతోంది? వదినకా?

వెనక్కి వచ్చి కుర్చీని విప్పేసింది. మళ్ళీ దుప్పట్లో చుట్టి, బీరువాకీ గోడకీ మధ్య సందులోకి తోసింది. ఎంత పల్చగా ఒదిగిందంటే, అలాంటివి పది పెట్టినా ఆ సందు నిండదు. దాచడం ఇంత సులువైన కుర్చీని తనే చేసినందుకు తనని తనే తిట్టుకుంది.

అక్కడి నుంచీ మనశ్శాంతి లేకుండా పోయింది. ఆఫీసులో ఉంటే ఇంట్లో బీరువా గుర్తొస్తుంది, ఇంట్లో ఉంటే ఆఫీసులో ధరల సారు గుర్తొస్తాడు. ఎవరు పిలిచినా ఉలిక్కిపడుతోంది. గొట్టాల మేస్త్రీ ఎదురొస్తే దారి మార్చేసుకుంటోంది. ముద్ద దిగడం లేదు. కంచంలో కెలికి లేచిపోతోంది. చూపిస్తే ఏమవుతుందో తెలుసు, చూపించకపోతే ఏమవుతుందో తెలుసు, రెండూ తెలిసి ఏం చెయ్యాలో తెలియకపోవడం కంటే నరకం ఉండదు. పోనీ ఆ ముక్కల్ని పట్టుకెళ్ళి ఎక్కడైనా పారేద్దామా అంటే, మనసొప్పడం లేదు. అంత మంచి కుర్చీ మరి! ఈ సంగతి తనతో తను ఒప్పుకోవడానికి కూడా ఆమెకి భయంగా ఉండేది.

"అది చిక్కిపోతోంది, చూశావా?" అన్నాడు అన్నయ్య ఒకసారి వదినతో. "మనిషిలో కూడా ఏదో తగ్గించుకుంటున్నట్టుంది."

వదిన నవ్వలేదు. ఆమె కొన్నాళ్ళుగా గమనిస్తూనే ఉంది. ఒక సాయంత్రం వంటింట్లో గిన్నెలు తుడుస్తూ, పొద్దంతా స్క్రూడ్రైవరు అదురుకి నొప్పిపుట్టిన మణికట్టు నొక్కుకుంటూ, తన ధోరణిలో తను మాట్లాడుతోంది.

"ఆ షెడ్డే లేకపోతే ఈపాటికి నేను గోడలతో మాట్లాడుకునేదాన్ని. మీ అన్నయ్య బస్సులతో మాట్లాడతాడు, నేను గోడలతో. అక్కడ పది మందిలో పడితే నొప్పీ తెలీదు, పొద్దూ తెలీదు. ఇవాళేమైందో తెలుసా? కొత్తగా చేరిన పిల్ల కుర్చీకి కాళ్ళు తలకిందులుగా బిగించేసింది! చూసి చూసి అందరం పొట్టలు పట్టుకుని..." మాట ఆపి ఆడపడుచు వైపు చూసింది. "ఏమైందే నీకు? నాతో చెప్పకూడదా?"

మేడం గుటక మింగింది. "వదినా, నీకొకటి చెప్పాలి."

"చెప్పు మరి."

వదిన తడిచేతులు పైటకి తుడుచుకుని, పూర్తిగా ఇటు తిరిగి నిలబడింది. ఇంక చెప్పెయ్యాలి. నాలుక చివరిదాకా వచ్చింది.

"సబ్బు అయిపోయింది," అంది మేడం.

"ఆ మాటకింత ఉపోద్ఘాతమా!" అని వదిన నెత్తి కొట్టుకుంది. కానీ ఆమె కళ్ళు మాత్రం చాలాసేపు మేడం మొహాన్ని వదల్లేదు.

నెలాఖరు వచ్చింది. ఆ పొద్దున మేడం బస్సులో కూర్చుని ఒకే మాట వల్లెవేసుకుంటూ వెళ్ళింది. కుదరదు సార్, నిలవదు సార్. ఉద్యోగం పోతే పోనీ. తన ఒక్కదాని ఉద్యోగమే కదా. ఏదో ఒక చిన్న కంపెనీలో మళ్ళీ డ్రాయింగులు దిద్దుకుంటూ బతకొచ్చు. అలా నిర్ణయించుకున్నాక ఒంట్లో కాస్త ప్రాణం లేచొచ్చింది. ఆమె ఒక్కతే అన్నీ లెక్కవేసి, ఒక్కతే తీర్పు చెప్పేసుకుంది. ఎవరినైనా ఒక్కమాట అడుగుదామన్న ఆలోచన మాత్రం ఆమెకి రాలేదు.

ధరల సారు గదిలో నిలబడి, ఆయన మొహం చూడకుండా బల్ల అంచు చూస్తూ, "కుదరదు సార్" అంది. "స్క్రూ లేకుండా నిలవదు. అన్నీ చూశాను."

"మీరే అన్నాక ఇక కాదనుకోవాల్సిందే," అన్నాడు ఆయన. ఆ గొంతులో కోపం లేదు, బాధే ఉంది. అది ఇంకా కష్టంగా తోచింది ఆమెకి. "కూర్చోండి మేడం. సెక్షను సంగతి మాట్లాడుకోవాలి."

ఆమె కూర్చోబోతుండగా ఆయన ఫోను మోగింది. ఎత్తాడు. వింటున్నకొద్దీ ఆయన కనుబొమలు పైకి లేచాయి. "ఎవరు?... ఎక్కడ?... నువ్వు నీ కళ్ళతో చూశావా?" అని, మేడం వైపు వింతగా చూశాడు. తర్వాత షెడ్డు సూపర్‌వైజరు పంపిన వీడియో తెరిచి ఫోను ఆమె వైపు తిప్పాడు. అందులో బొమ్మ కదులుతోంది. షెడ్డు. చుట్టూ ఆడవాళ్ళు. మధ్యలో నేల మీద పరిచిన దుప్పటి, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్న వదిన. గొట్టం, గొట్టం, పలక, వీపు. టక్. చప్పట్లు.

మేడం తల వంచేసుకుంది.

"ఇంత సిగ్గయితే ఎలాగండీ!" అని ధరల సారు పకపకా నవ్వాడు. ఆమె అబద్ధమాడిందని ఆయనకి తట్టనే లేదు. దేవుడు కొందరికి అనుమానమనేది పెట్టడు. "పదండి, కారెక్కండి!"

దారి పొడుగునా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. ఒక ఓడ కంటైనరులో ఇప్పుడు పట్టేవెన్ని, ఇకముందు పట్టేవెన్ని అని లెక్కలు కడుతున్నాడు. మేడంకి ఒక్క ముక్క చెవికెక్కలేదు. వదినకి తెలిసిపోయి ఉంటుందా, ఇంకా తెలియలేదా, అదొక్కటే ఆమె బుర్రలో గిరగిరా తిరుగుతోంది. తెలియకూడదని ఒకసారి, తెలిసిపోయి ఉంటే బాగుండునని ఒకసారి, దారిలో ఎందరు దేవుళ్ళున్నారో అందరికీ మొక్కింది.

షెడ్డులో మిషన్లు ఆపేసి అందరూ గుమిగూడి ఉన్నారు. మేడం కనబడగానే వదిన ఎగిరి గంతేసింది. "అదిగో, వచ్చింది మా అమ్మాయి!" అని పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ధరల సారు వైపు తిరిగి, "మీరు దీన్నేం అనకండి సార్. ఇది పుట్టు పిరికిది. మా సూపర్‌వైజరు గారు చెప్పారు, ఇవాళ్టిలోగా కుర్చీ చూపించకపోతే దీని ఉద్యోగం పోతుందని. తిండి మానేసి కూర్చుంటే కుదరలేదేమో అనుకున్నాను. పొద్దున పక్కగుడ్డలు ఉతుకుదామని గది సర్దుతుంటే బీరువా సందులో ఇది కనబడింది. చేసి పెట్టుకుని, చూపించడానికి ధైర్యం చాల్లేదు దీనికి! నేనే దుప్పటితో సహా ఎత్తుకొచ్చేశాను. ఇదిగో చూడండి సార్!"

అని మళ్ళీ విప్పింది. మళ్ళీ బిగించింది. ఆ చేతులు ఇన్నేళ్ళుగా వేల కుర్చీలు బిగించిన చేతులు, ఎక్కడా తడుముకోలేదు. కుర్చీ మీద కూర్చుని వెనక్కి ఒరిగి, కాళ్ళు ఊపింది. అందరూ చప్పట్లు కొట్టారు. ధరల సారు అందరికంటే గట్టిగా కొట్టాడు.

"అద్భుతం!" అన్నాడాయన. "చూశారా, స్క్రూడ్రైవరు లేదు, ఏమీ లేదు. ఇక ఈ పని ఎవరింట్లో వాళ్ళు చేసుకోవచ్చు. చిన్నపిల్లాడు కూడా చేసేస్తాడు!"

ఆ మాటకీ చప్పట్లు కొట్టారు. కొడుతూ కొడుతూ ముందు వరుసలో ఒకామె ఆపింది. తర్వాత ఆమె పక్కనామె. వెనకున్నవాళ్ళు ఇంకా కొడుతూనే ఉన్నారు. వాళ్ళూ ఆపేశాక, కప్పు మీద తిరిగే ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. ధరల సారు ఫోను చెవికి పెట్టుకుని హుషారుగా బయటికి నడిచాడు. సూపర్‌వైజరు ఆయన వెనకాలే వెళ్ళాడు.

వదిన కుర్చీలోంచి లేచింది. అన్నీ ఒక్కసారిగా తెలిసిపోయాయి ఆమెకి. మొహంలో నవ్వు ఎక్కడికో పోయింది. మేడంని పెట్టెల వెనక్కి లాక్కెళ్ళింది.

"దీనికోసమా దాచావు?"

మేడం తలూపింది.

"నీ ఉద్యోగం పోయినా చూపించకూడదనుకున్నావు."

మళ్ళీ తలూపింది.

"ఒక్క మాట నాతో చెప్పుంటే నేనసలు ముట్టుకునేదాన్నా?" వదిన తన రెండు చేతులూ చూసుకుంది. "నా చేత్తో నేనే తెచ్చిచ్చానే! వీళ్ళందరినీ పనిలో పెట్టించిన దాన్ని, నేనే తెచ్చిచ్చాను!"

"చెప్తే నువ్వు భయపడతావని..." అని మేడం ఏడ్చేసింది.

"భయపడేదాన్నే. నువ్వూ భయపడుతున్నావుగా! ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం. అప్పుడు ఏదో ఒకటి తోచేది." వదిన పైట చెంగుతో ముందు ఆడపడుచు కళ్ళు తుడిచింది, తర్వాత తనవి తుడుచుకుంది. ఏమిటో ఆలోచించి, ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. "రా."

"ఎక్కడికి?"

"వాళ్ళకి చెప్పాలి కదా. నువ్వే చెప్పాలి. ఎప్పుడో ఒకరోజు గేటు మీద కాగితం అంటిస్తే తెలుసుకోవడమా, ఇంత పనిచేసి?"

మేడం జీవితంలో అంతమంది ఎదురుగా నిలబడి మాట్లాడలేదు. అందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. జుట్టు సవరించుకుందామంటే చెయ్యి వదిన చేతిలో ఉంది. బల్ల అంచు చూద్దామంటే బల్ల లేదు. వాళ్ళ మొహాలే చూడాల్సి వచ్చింది.

"ఈ కుర్చీ వస్తే," అంది, "ఈ షెడ్డు ఉండదు. నాకు ముందే తెలుసు. మీకెవరికీ చెప్పలేదు. వదినకీ చెప్పలేదు. షెడ్డు తీసెయ్యడానికి ఇంకా కొన్ని నెలలు పడుతుంది. అచ్చులు పొయ్యాలి, పరీక్షలు చెయ్యాలి. ఈలోగా ఏం అడగాలో, ఎవర్ని అడగాలో మీతో కూర్చుని ఆలోచిస్తాను. నాకు తెలిసినవన్నీ చెప్తాను."

వదిన వరుసలోనే పనిచేసే ఒక పెద్దావిడ ముందుకొచ్చి, కుర్చీని మెల్లగా తిరగేసి అడుగున చూసింది. గొట్టాలు కూర్చున్న గాడి మీద వేలితో రాసి చూసింది.

"షెడ్డు పోతుందని తెలిసే చేశావా తల్లీ?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని.

మేడంకి చాలా జవాబులు తోచాయి. ధరల సారు చెయ్యమన్నాడని. తను చెయ్యకపోతే ఇంకెవరో చేస్తారని. అన్నీ నిజాలే. కానీ వాటిలో ఏదీ అసలు నిజం కాదు.

"తెలిసే చేశాను," అంది. "తోచింది, చెయ్యకుండా ఉండలేకపోయాను."

పెద్దావిడ కుర్చీని మళ్ళీ నిలబెట్టింది. దానిమీద ఎవరూ కూర్చోలేదు. వదిన మాత్రం మేడం చెయ్యి వదల్లేదు.